వెళ్ళొస్తానన్న మాట

ఒకటి

ఏడురేవులు చేరాం. ఈ ముక్క రెండుసార్లు రాసి చూసుకున్నాను. అంత సంతోషం. సముద్రం మధ్యలో నిలబెట్టిన ఊరు ఇది. కింద నేల లేదు, అన్నీ నీళ్ళే. ఉయ్యాల్లో పిల్లాణ్ణి ఊపినట్టు ఊరంతా సన్నగా ఊగుతూ ఉంటుంది. పాలకొల్లులో పిండిమర ఆడించుకుంటూ డెబ్బయ్యో పడిలో పడ్డ కొప్పిశెట్టి సూరిబాబుకి ఇంత యోగం ఉందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. మా హైమ ఇక్కడ ఉప్పునీళ్ళు మంచినీళ్ళు చేసే చోట పనికి కుదిరింది. "మా నాన్న లేకుండా రాను" అని వాళ్ళకి మొహం మీదే చెప్పేసిందట. అలాంటి కూతుర్ని కన్నాను.

రేవులో దిగగానే ఒకమ్మాయి నా చెవిలో చింతగింజంత గింజ పెట్టింది. లోకంలో ఎవరు ఏ భాషలో మాట్లాడినా అది తెలుగు చేసి చెబుతుంది. మొదట్లో రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడింది. సామాను చూసే ఆయన "తమరి రాక మాకు మిక్కిలి ఆనందదాయకము" అన్నాడు. నేను దండం పెట్టేశాను. హైమ నవ్వి, "నువ్వు మాట్లాడే కొద్దీ నీ యాస పట్టుకుంటుంది నాన్నా, కంగారుపడకు" అంది. నిజమే. సాయంత్రానికల్లా రేవులో ఉన్న నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ పాలకొల్లు సంతలో బేరమాడుతున్నట్టే వినిపించారు.

ఒక్క సంగతి మాత్రం హైమ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఇక్కడ కాగితాలూ సంతకాలూ లేవు. ఇన్ని దేశాల వాళ్ళు, ఇన్ని లిపులు, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. అందుకని నోటితో అన్నదే సంతకం. ఏదైనా చేస్తానని అంటే గింజ దాన్ని పట్టి ఉంచుతుంది. చేస్తే ఆ మాట తీరిపోతుంది. చెయ్యకపోతే నిలిచిపోతుంది.

"నీ నోటికి తాళం ఉండదు కదా నాన్నా. వాగాలనిపించినప్పుడల్లా ఇందులో రాసుకో. గింజ వింటుంది గానీ చదవదు" అని ఈ పలక చేతిలో పెట్టింది. మర హోరులో మాట్లాడి మాట్లాడి నా గొంతు పెద్దది. ఇంక రాతలో ఎంత అరిచినా పరవాలేదన్నమాట.

రెండు

పక్కింటివాళ్ళు ఘనా దేశస్థులు. ఆవిడ పేరు ఎఫువా, నలభై దాటి ఉంటాయి. ఆయన క్వేకు. ఊరిని పట్టి ఉంచే లంగరు గొలుసులు ఉంటాయట, నీళ్ళలోకి దిగి వాటిని చూసుకునే పని ఆయనది. ఆవిడ డాబా మీద నీళ్ళ తొట్లలో ఆకుకూరలు పెంచుతుంది.

పొద్దున్నే డాబా ఎక్కి చూద్దును కదా, గోంగూర. అచ్చం మనది కాదు, వేలువిడిచిన చుట్టంలా ఉంది. ఎఫువా దాని ఎర్ర మొగ్గలు కోసుకుని ఆకు పక్కన పడేస్తోంది. మొగ్గలు నానబెట్టి అల్లం వేసి పానకం చేస్తారట. నా ప్రాణం పోయినంత పనైంది.

"ఆకు పారేస్తున్నావేంటమ్మా?"

"మరేం చేసుకుంటాం బాబాయ్ గారూ? కావాలంటే పట్టుకెళ్ళండి, ఆయ్."

ఘనా ఆవిడ నోటి వెంట 'ఆయ్' అని వినబడేసరికి నాకు కళ్ళు తిరిగాయి, ఆనందంతో. పచ్చడి నూరి గిన్నెడు ఇచ్చాను. క్వేకు వేలు నాకుతూ, "ఇన్నాళ్ళూ మా ఆవిడ నన్ను పువ్వులతో మోసం చేసింది బాబాయ్, అసలు సంగతంతా ఆకులో ఉంది" అన్నాడు. "రేపట్నుంచి ఆయన ఇంట్లోనే తిను" అంది ఆవిడ.

పనికి బయల్దేరుతూ క్వేకు గుమ్మంలో పెళ్ళానికి చెప్పిన మాట నా గింజలో "పోతున్నా" అని పడింది. గబగబా ఎదురెళ్ళాను.

"అదేం మాట బాబూ, నీళ్ళలోకి దిగేవాడివి. పోతున్నా అనకూడదు. వెళ్ళొస్తా అనాలి. వెళ్ళి, రావాలి కదా."

క్వేకు పెద్దగా నవ్వాడు. నాతో మూడుసార్లు పలికించుకున్నాడు. మర్నాటి నుంచి గింజ సాయం లేకుండా, తెలుగులోనే, గుమ్మంలో నిలబడి "ఎల్లొస్తా" అంటున్నాడు. ఎఫువా లోపలి నుంచి "ఎల్లిరా" అంటుంది. అదీ నేను నేర్పిందే. ఆ రెండు మాటలూ వినకపోతే నాకు పొద్దు పొడిచినట్టుండదు.

మూడు

ఇంట్లో కాలు నిలవడం లేదు. హైమ పనికెళ్ళగానే నేనూ వీధిన పడుతున్నాను. ఏం ఊరండీ ఇది. ఒక సందులో రొట్టెలు కాలుస్తుంటే పక్క సందులో కొబ్బరిపాలు కాగుతుంటాయి. తలపాగాల వాళ్ళు, బొట్టుల వాళ్ళు, పచ్చబొట్టుల వాళ్ళు. అందరితోనూ మాట్లాడాలి. ఓర్హాన్ అని టర్కీ మంగలి, గెడ్డం గీసి చెవుల మీద వేడి నీళ్ళ గుడ్డ వేశాడు, స్వర్గం కనబడింది. ఐసు అమ్మే ఆవిడ, తాళాలు బాగుచేసే ఆయన, వంతెన దగ్గర చేపలు ఎండబెట్టే ముసలాయన, ఎవరి దగ్గర ఆగినా పూట గడిచిపోతుంది.

అంతా బాగానే ఉంది గానీ చెవిలో టిక్కు టిక్కుమని చప్పుడు. మొదట ఒకటి, తర్వాత నాలుగు, ఇప్పుడు కీచురాయి కాపురం పెట్టినట్టుంది. నిద్ర పట్టదు, కూర్చోబుద్ధి కాదు. చెవి డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ దీపం పెట్టి చూసి, "చెవి శుభ్రంగా ఉందండీ. మాటలు నిలిచిపోయాయి" అంది.

నాకేం అర్థం కాలేదు. "సరే డాక్టరమ్మా, వెళ్ళొస్తాను" అని లేచాను.

టిక్కుమని ఇంకోటి మొదలైంది.

నాలుగు

ఇవాళ ఓర్హాన్ నన్ను నడివీధిలో పట్టుకున్నాడు. చేతిలో కత్తి అలాగే ఉంది.

"ఏం బాబాయ్, మాటంటే లెక్కలేదా? వస్తానన్నావని రెండ్రోజుల బట్టి కుర్చీ ఖాళీగా పెట్టాను."

"గెడ్డం మొన్నే గీశావు కదయ్యా."

"గెడ్డం సంగతి నాకెందుకు? నువ్వు వస్తానన్నావు."

"నేనెప్పుడన్నాను?"

"వెళ్ళేటప్పుడు. గుమ్మంలో. నా గింజలో ఇంకా ఉంది, వినిపించమంటావా?"

వినిపించాడు. నా గొంతే. వెళ్ళొస్తాను.

హైమ వచ్చాక చెప్పాను. మొదట పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగి కుర్చీలో కూలబడింది. నేను ఎక్కడికెళ్ళి ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా గింజ దాన్ని 'తిరిగి వస్తానని మాట ఇచ్చాడు' అని పట్టుకుందట. ఊరంతటికీ మాటిచ్చి తప్పినవాణ్ణయ్యాను.

"వానలు వెనకబట్టగానే నీకు విచారణ నాన్నా. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఉంటుంది. మాట నిలవనివాణ్ణి ఊళ్ళో ఉంచరు. తిరుగు ఓడ ఎక్కించేస్తారు."

"నువ్వుంటావు కదమ్మా."

"నువ్వు లేకుండా రాననే కదా వచ్చాను. అది కూడా నేను నోటితో అన్న మాటే. నువ్వు ఓడెక్కితే నేనూ ఎక్కాలి."

ఎన్నేళ్ళు చదివి తెచ్చుకున్న పని అది. నీళ్ళ మరల దగ్గర దాని మొహం చూడాలి, దీపం పెట్టినట్టుంటుంది. దాన్ని నా నోరు ఆర్పేస్తుందా.

"ఇంక నుంచి ఉత్తినే 'వెళ్తున్నాను' అను నాన్నా. ఏదీ, అను."

నోరు తెరిచాను. కన్నకూతురి మొహం చూస్తూ గుమ్మంలో నిలబడి, రావడం అనేది లేకుండా ఒట్టి వెళ్ళడం ఎలా అంటారు? మళ్ళీ మూసేశాను.

"పోనీ ఏమీ అనకు" అంది హైమ, కళ్ళు తుడుచుకుంటూ.

అయిదు

మాటలు తీర్చుకునే పనిలో పడ్డాను. పొద్దున లేచింది మొదలు తిరుగుడే. చేపల ముసలాయన దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"ఏం కావాలండీ?"

"ఏం వద్దండీ. వస్తానన్నాను, వచ్చాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కాస్త జరిగి చోటిచ్చాడు. ఇద్దరం కూర్చుని చేపలు తిరగేశాం. చెవిలో ఒక టిక్కు ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో. ఆ హాయిలో లేచి దులుపుకుని, "సరేనండీ, వెళ్ళొస్తాను" అన్నాను.

టిక్కు.

చెవి డాక్టరమ్మ, ఐసావిడ, తాళాలాయన, అందరి దగ్గరా ఇదే వరస. ఒకటి తీర్చి ఒకటి తగిలించుకుని వస్తున్నాను. కాళ్ళు వాచాయి. మరోపక్క, తప్పో ఒప్పో గానీ, లోపల్లోపల సంతోషంగా ఉంది. ఐసావిడ నాకోసం స్టూలు తెచ్చి పెట్టింది. ఓర్హాన్ నేను కనబడగానే టీ పోస్తున్నాడు. మంగలి కొట్టుకి గెడ్డం లేకుండా వెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే. "నిన్ను ఓడెక్కిస్తే నేనెవరితో దెబ్బలాడాలి బాబాయ్" అన్నాడివాళ.

ఆరు

క్వేకు పోయాడు.

నీళ్ళలో గొలుసు జారిందట. పైకి తెచ్చేసరికే అయిపోయింది. పొద్దున గుమ్మంలో "ఎల్లొస్తా" అన్నాడు. నేను విన్నాను.

రోజంతా వాళ్ళింట్లోనే ఉన్నాను. వచ్చేవాళ్ళకి మంచినీళ్ళిచ్చాను. ఎఫువా చేత నాలుగు గుక్కలు గంజి తాగించాను. ఒక్కొక్కరే లేచి ఆవిడ చేతులు పట్టుకుని ఏదో చెప్పి వెళ్తున్నారు. నా వంతు వచ్చింది. నేను తల దించుకుని, ఏమీ అనకుండా బయటికొచ్చేశాను. కాళ్ళు కడుక్కుని ఇంట్లోకొచ్చాను.

ఇంకేం రాయలేను.

ఏడు

ఎఫువా నాతో మాట్లాడటం లేదు. డాబా మీద గోంగూర ఆకు మళ్ళీ పారేస్తోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

సాయంత్రం హైమ పాలిపోయిన మొహంతో వచ్చింది. నా విచారణకి ఎఫువా అడ్డం చెప్పిందట. పక్కింటివాళ్ళు అడ్డం చెబితే ఇంక ఎవరి మాటా చెల్లదు.

"ఏమందట?"

"ఐసమ్మే ఆవిడకి కూడా మళ్ళీ వస్తానని చెప్పే మనిషి, మా ఆయన పోయిన రోజున ఒక్క మాటైనా అనకుండా లేచిపోయాడు అందట. ఈ ఊళ్ళో చెప్పకుండా వెళ్ళడం మొహాన ఉమ్మేసినట్టే నాన్నా." హైమ నా పక్కన కూర్చుంది. "ఇంకోటి కూడా ఉంది. రోజూ పని దిగే వేళకి వాళ్ళింట్లో గింజ అడుగుతోందట. క్వేకు వస్తానన్నాడు, వచ్చాడా అని. ఆవిడ రాడని ఒక్కసారి చెబితే ఆగిపోతుంది. ఆవిడ చెప్పడం లేదు."

ఆ మాట ఆ మనిషికి నేర్పింది నేను. మూడుసార్లు పలికించి మరీ నేర్పాను. గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే చెవిలో అన్ని టిక్కులూ ఒకటై, వచ్చాడా, వచ్చాడా అన్నట్టే వినబడుతోంది.

ఎనిమిది

"వెళ్ళి మాట్లాడకు నాన్నా, ఏమన్నా నీ మెడకే చుట్టుకుంటుంది" అని హైమ బతిమాలింది. ఆగలేకపోయాను. వెళ్ళి ఎఫువా తలుపు తట్టాను. తీసింది గానీ దారివ్వలేదు.

"ఎందుకొచ్చారు? నాకు మీరు వస్తానని చెప్పలేదే."

"అదే చెబుదామని వచ్చానమ్మా. మావైపు చావింట్లో వెళ్ళొస్తానని అనరు. అంటే, ఇలాంటి పని మీద మళ్ళీ మీ ఇంటికి రావాలని కోరుకున్నట్టు. అందుకే నోరు మూసుకుని వెళ్ళిపోతాం. నాకు తెలిసిన మర్యాద అదొక్కటే తల్లీ."

ఆవిడ తలుపు మీద చెయ్యి తియ్యలేదు.

"అయితే మంగలికీ, ఐసావిడకీ చెప్పింది?"

"మళ్ళీ చూడాలని ఉందని. అంతే. వస్తానో రానో నా చేతుల్లో ఏముంది? మా ఆవిడ ఆస్పత్రికెళ్తూ నాతో అదే అంది. మరి తిరిగి రాలేదు. మాట తప్పిందని ఏనాడూ అనుకోలేదు నేను. రావాలనుకుంది, అంతే కదా."

అప్పుడే పని దిగే వేళయినట్టుంది. ఎఫువా ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. గింజ అడుగుతోందని తెలిసింది. కళ్ళ నీళ్ళు వచ్చాయి, ఆయన పోయిన రోజున కూడా రానివి.

కాసేపటికి తలుపు వదిలేసి పక్కకి జరిగింది.

"లోపలికి రండి బాబాయ్ గారూ. ఆ పచ్చడి ఎలా నూరుతారో చెప్పండి. ఆకు పాడైపోతోంది."

తొమ్మిది

విచారణ అయింది. ఫోన్లోనే. ఇక్కడికొచ్చాక ఫోన్ పట్టుకోవడం నాకిదే మొదలు. హైమ నా పక్కన, ఎఫువా గుమ్మంలో. అటువైపు నర్గిజా అనే అధికారిణి. గొంతు మెత్తగానే ఉంది గానీ మాట ఖరాఖండి.

"సూరిబాబు గారూ, మీవి ఇన్ని మాటలు నిలిచిపోయాయి. ఊళ్ళో ఇన్ని తప్పినవాళ్ళు ఇంకెవరూ లేరండీ."

నేను నోరు తెరిచేలోగా ఎఫువా వచ్చి ఫోన్ అందుకుంది.

"అవి ఇచ్చిన మాటలు కావండీ. కోరుకున్న మాటలు. మీ గింజకి తేడా తెలీదు. నేను అడ్డం తీసేస్తున్నాను. మా ఆయన మాట కూడా అలాంటిదే. ఆయన తప్పలేదు. నన్ను రోజూ అడగడం మానెయ్యమనండి."

అటువైపు ఏవో మీటలు నొక్కిన చప్పుడైంది. నా చెవిలో టిక్కులు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. చివరిది ఆగాక అంత నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక తల విదిలించుకున్నాను.

"సరేనండీ, అవన్నీ కోరికలే అనుకుందాం. అప్పుడింకో చిక్కుంది" అంది నర్గిజా. "మీరు ఈ ఊరికి ఒక్క మాట కూడా ఇవ్వనట్టే కదా. సూటిగా చెప్పండి. ఇక్కడ ఉంటారా?"

ఎంత తేలిక ప్రశ్న. కానీ నేను పుట్టి బుద్ధెరిగాక అంత సూటిగా దేనికీ జవాబు చెప్పలేదు. "దేవుడి దయ ఉండాలి కదండీ" అన్నాను. "అమ్మాయి చల్లగా ఉంటే నాకేం లోటండీ" అన్నాను. "చూద్దామండి, మీలాంటి వాళ్ళ ఆదరణ ఉంటే" అన్నాను. హైమ నా మోచెయ్యి గిల్లుతోంది. లోపల ఉంటాను ఉంటాను అని గుండె కొట్టుకుంటోంది, నోట్లోంచి మాత్రం మర్యాదలే వస్తున్నాయి.

"అది జవాబు కాదండీ. వేళయిపోయింది. నా తీర్మానం మీ అమ్మాయికి తెలియజేస్తాను."

అంతా అయిపోయిందనుకున్నాను. ఓడ కళ్ళ ముందు కనబడింది. అయినా పెద్దావిడ, ఇంతసేపు ఓపిగ్గా మాట్లాడింది. మర్యాదగా ఫోన్ పెట్టెయ్యాలి కదా.

"మంచిదండీ. మరి ఉంటాను" అన్నాను.

చెవిలో టిక్కుమంది.

అటువైపు కూడా విన్నట్టుంది. "ఏమన్నారు?" అంది నర్గిజా. హైమ రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఇది కూడా మీవాళ్ళ అలవాటు మాటేనా సూరిబాబు గారూ? నిజం చెప్పండి."

కాదు, మాటగానే అన్నానని అబద్ధం చెబితే సరిపోయేది. హైమ కళ్ళు చెప్పెయ్యమనే అంటున్నాయి. కానీ ఎఫువా అక్కడే నిలబడి ఉంది. కోరికకీ మాటకీ తేడా ఉందని నా కోసం ఇప్పుడే చెప్పిన మనిషి.

"అలవాటు మాటేనండీ" అన్నాను. "ఫోన్ పెట్టేటప్పుడు అందరం అంటాం. ఇన్నేళ్ళూ అర్థం చూసుకోకుండా అన్నాను. ఇప్పుడు అన్నాక తెలిసింది, ఈసారికి మాత్రం నిజమేనని. ఉంటానమ్మా. ఇక్కడే ఉంటాను."

ఏదో గొణిగినట్టు వినిపించింది. నవ్వేమో. "నమోదైంది" అంది. ఫోన్ పెట్టేస్తూ ఆగి, "మీ విచారణ కోసం గింజలో మాటలు వింటుంటే ఆ పచ్చడి సంగతి వినబడింది. ఒకసారి రుచి చూడాలండీ" అంది.

హైమ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చెవిలో ఆ ఒక్క టిక్కూ అలాగే ఉంది. ఉన్నన్నాళ్ళూ తీరే మాట కాదట. ఉండనీ.

పది

క్వేకు పోయాక ఎఫువా ఇవాళే మొదటిసారి బయటికెళ్ళింది. కింది రేవు సంతలో మొగ్గలు అమ్మాలని. బుట్ట నెత్తిన పెట్టుకుని, కిందికి దిగే లిఫ్టు ఎక్కబోతూ మా గుమ్మం ముందు ఆగింది. గింజ తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"బాబాయ్," అంది, అచ్చ తెలుగులో, క్వేకు అన్నట్టే. "ఎల్లొస్తా."

"వెళ్ళిరా తల్లీ" అన్నాను.

అప్పట్నుంచి కుదురు లేదు నాకు. పచ్చడి నూరాను. గుమ్మం తుడిచాను. ఓర్హాన్ దగ్గరికెళ్ళి టీ తాగకుండానే వచ్చేశాను. "ఏమైంది బాబాయ్, నిలబడవేం?" అన్నాడు. ఏం చెబుతాను. అది ఇచ్చిన మాట కాదనీ, కోరుకున్న మాటేననీ ఊరందరికీ చెప్పినవాణ్ణి. హైమ పనినుంచి వచ్చి "కాళ్ళు నొప్పెడతాయి, కూర్చో నాన్నా" అంటోంది.

కూర్చుంటాను. సంత ఎత్తేసే వేళయింది. ముందు ఆ లిఫ్టు పైకి రానీ, వస్తున్న చప్పుడవుతోంది.